మెడకు కింద, భుజానికి పైన

2018, శ్రావణమాసంలో ఒక మంగళవారం, ఉదయం పదకొండు గంటలు. విజయనగరంలో ఒక స్కానింగ్ సెంటరు. ఉన్నవారు: సీనియర్ టెక్నీషియన్‌గా నేను, రిపోర్టులు రాసే రేడియాలజిస్టు డాక్టరమ్మ, మా మేనేజరు, పేషెంటు దానయ్య, ముప్పై ఆరేళ్ళు, సముద్రంలో వేట, అతని భార్య నూకాలమ్మ. ఆనాటి నా డైరీలో ఉన్న వరుస ఇదే.

దానయ్యది శ్రీకూర్మానికి తూర్పున ఒక తీరగ్రామం. ఒడ్డున నిలబడి పెద్దవల లాగేటప్పుడు తాడు జారిపోకుండా ముంజేతికి రెండు చుట్లు చుట్టుకోవడం అక్కడివాళ్ళ అలవాటు. మనుషులు లాగినన్నాళ్ళూ ఆ అలవాటు వల్ల ప్రమాదం లేదు, ఎవరైనా కేకవేస్తే అందరూ ఆగేవారు. ఈమధ్య తాడు కొస ట్రాక్టరుకు కడుతున్నారు. ఇంజను చప్పుడులో కేక వినబడదు. దానయ్యను ఆ ట్రాక్టరు కుడిచెయ్యి పట్టుకుని ఈడ్చినట్టు ఇసుకలో పది బారలు ఈడ్చుకుపోయింది. ఎముక విరగలేదు. కానీ ఆ రోజునుంచి భుజం లేవలేదు, మోచెయ్యి వంగలేదు.

అతను తెచ్చిన స్లిప్పులో “మెడ ఎమ్మారై” అని ఉంది. అది మూడోసారి. మొదటి రెండూ నార్మల్.

“ఎన్నాళ్ళయింది?” అని అడిగాను.

“అయిదు నెల్లు దాటిపోనాదండి. ఇది మూడోపాలి ఈ గొట్టంలో దూరడం. ఈపాలి నా తలగడా దుప్పటీ ఇక్కడే ఉంచీయండి బావూ,” అని నవ్వాడు. చెయ్యి వేలాడకుండా కట్టుకున్న తువ్వాలు విప్పితే భుజం గుండ్రదనమంతా కరిగిపోయి ఉంది. బొటనవేలి మీద, చూపుడువేలి మీద కాలిన మచ్చలు.

తెలియనివారి కోసం చెబుతాను. మెడ ఎముకల సందుల్లోంచి అయిదు నరాలు బయటికి వచ్చి, జంక్షన్‌లో రైలు పట్టాల్లా కలుస్తూ విడిపోతూ, కాలర్ బోను వెనకనుంచి చంకలోకి దిగుతాయి. ఈ అల్లికను బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. చెయ్యి మొత్తానికీ కదలికా స్పర్శా దాని గుండానే. మామూలు మెడ ఎమ్మారై వెన్నుపామునీ డిస్కులనీ చూపించి అక్కడితో ఆగిపోతుంది. నరం తెగింది ఆ బొమ్మ అంచుకు అవతల. కాలువకు గండి పడితే చెరువు తూము ఫొటో రెండుసార్లు తీసి, అంతా బాగుందని రైతును ఇంటికి పంపినట్టుంది వ్యవహారం.

ఇది చెప్పి స్లిప్పు మార్చమని, దాన్ని రాసిన ఎముకల డాక్టరుకు ఫోను చేశాను. స్పీకరు పెట్టడం నా పొరపాటు.

“రెండు స్కానులు నార్మల్ కదండీ. ట్రాక్టరువాడి దగ్గర నష్టపరిహారం కోసం నాటకం అది. ఈ మూడోది కూడా నార్మల్ వస్తే ఏమీ లేదని రాసి పంపేస్తాను.”

నూకాలమ్మ తలుపు దగ్గరే ఉంది. “నాటకమా? అట్లపెనం మీద ఏళ్ళు కాలిపోతంటే కమురోసన నాకొచ్చినాది గానీ మా మావకి తెల్నేదు. ఆ నాటకం ఆ డాట్రుగారిని ఓపాలి ఆడి సూపించమనండి!”

అవతల ఫోను పెట్టేశారు.

మేనేజరు వచ్చాడు. “మాస్టారూ, స్లిప్పులో మెడ అంటే మెడ తియ్యండి. ప్లెక్సస్ అంటే ముప్పావు గంట పడుతుంది. బయట అయిదుగురు కూర్చున్నారు.”

“ఆ అయిదుగురికీ చేతులున్నాయి. ఇతనిది పోతోంది,” అన్నాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను గొంతు పెంచిన రోజు అదొక్కటే.

డాక్టరమ్మ కూడా సందేహించింది. “అడగనిది తీస్తే రేపు నన్ను అడుగుతారు కదండీ.”

“మీరు లేచి ఒక్కసారి అతని చెయ్యి ముట్టుకోండమ్మా. ఆ తర్వాత కూడా మెడే తియ్యమంటే మెడే తీస్తాను.”

ఆమె లేచింది. కళ్ళు మూసుకోమని సూదితో బొటనవేలు పొడిచింది. “ఎప్పుడు పొడుస్తారండి?” అని అడిగాడు దానయ్య. ఆమె స్లిప్పులో మెడ కొట్టేసి, ప్లెక్సస్ అని రాసి సంతకం పెట్టింది.

స్టిర్ అనే పద్ధతిలో తీశాం. అది కొవ్వు తెలుపును అణిచి నరాన్ని ఎత్తి చూపిస్తుంది. ఎడమవైపు నరాలు నూలుపోగుల్లా సన్నగా ఉన్నాయి. కుడివైపు పై రెండు నరాలూ కలిసేచోట, కాలర్ బోనుకు కాస్త పైన, తెల్లని ముడి, నరం తెగిన గుర్తు. అయిదు నెలలుగా అక్కడే ఉంది, మేము తీసిన బొమ్మకు రెండంగుళాల అవతల.

తెగిన నరానికి గడువుంటుంది. నరం అందని కండరం ఎండిపోతుంది. ఆలస్యమైతే తర్వాత అతికినా పలకదు. ఆరు నెలల్లోపు ఆపరేషను అయితే మేలంటారు. విశాఖలో దానయ్యకు కాలి నరం తీసి అతికారు. ఏడాదికి మోచెయ్యి వంగింది. భుజం లేవలేదు. మూడు నెలలు ముందొస్తే అదీ వచ్చేదేమోనని ఆ సర్జనే అన్నాడట. ఆ మూడు నెలలూ కాగితాలు మింగేశాయి.

స్కాను తీసిన మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఫిల్ములు పట్టుకుని ఆ ఎముకల డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళాను. విశాఖకు ఆయన ఉత్తరం కావాలి. దానయ్యా నూకాలమ్మా సంచీతో బయట నిలబడ్డారు. ఆయన ఫిల్మును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. నాటకం అన్న మాటకు క్షమాపణ చెప్పలేదు. బీరువాలోంచి మొదటి స్కాను కవరు తీసి, ఫిల్ము మూల మీద వేలు పెట్టాడు.

“ఈ పొడి అక్షరాలు ఎవరివి మాస్టారూ?”

నావే. ఆ మొదటి స్కాను తీసింది నేనే.

“ఆ రోజూ చెయ్యి ఇలాగే వేలాడుతూ ఉండాలి కదా?”

ఆయన ఉత్తరం రాసిచ్చాడు. బయటికొచ్చి జరిగింది దానయ్యకు చెప్పాను. చెప్పకపోతే ఆయనకూ నాకూ తేడా ఏమిటి?

“నాకు గేపకమేనండి,” అన్నాడు దానయ్య, కోపం లేకుండానే. “బాద మెడలో కాదు బావూ, సేతిలోనండి అని ఆ రోజే సెప్పినాను. కదలకు అన్నారు మీరు.”

రిటైరయ్యేదాకా ఆ తర్వాత ఏ మనిషినీ, రెండు చేతులూ ఎత్తి చూపించమని అడగకుండా, ఎక్కడ బాధో తన నోటితో చెప్పించకుండా ఆ బల్లమీద పడుకోబెట్టలేదు. ఆ ఉదయం మాత్రం నేను చేయగలిగింది ఒకటే. విశాఖ బస్సొచ్చింది. అతను ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కాడు. సంచీ నేను అందించాను.