అర తిప్పు మాదయ్య

"...లేదంటే లేదు మామా! ఈ బండికి మనం తిప్పే స్క్రూనే లేదు."

"స్క్రూ లేని బండిని ఎవుడు చేస్తాడ్రా? యాడో దాచిపెట్టుంటారు. నువ్వు జరుగు."

పక్కింటి మాదయ్య మామతో ఇలా గొడవపడటం నాకు కొత్త కాదు. లోకంలోని ప్రతి తంటా ఎక్కడో ఒక స్క్రూని అర తిప్పు తిప్పితే తీరిపోతుందని ఆయన నమ్మకం. మద్రాసు పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో రిటైరయ్యాక కూడా, అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఆయన స్క్రూడ్రైవర్ పెట్టుకుంటాడు. పెళ్ళిలో మైకు కీచుమన్నా ఆయనే, చర్చిలో ఫ్యాను ఊగినా ఆయనే. ఒకసారి పన్ను పీకించుకోవడానికి పోయి, డాక్టరు కుర్చీ బాగుచేసి వచ్చేశాడు.

"నొప్పి తగ్గిందా మామా?"

"కుర్చీ ఇప్పుడు బాగా వాలతా ఉంది పా."

ఈసారి ఆయన చేతికి చిక్కింది మా చెల్లెలు జెబ కొత్త బైకు. జెబ ఒక ల్యాబు తరఫున ఇంటింటికీ తిరిగి రక్తం శాంపిళ్ళు తెస్తుంది. సెలవు పెట్టి స్నేహితులతో ఈ బైకుమీదే ఏర్కాడు కొండెక్కింది. పైమలుపులో వేగం తగ్గించగానే ఇంజను ఆగిపోయింది. వెనకే లారీ. ఎలాగో తిరిగొచ్చి, బండికి కవరు కప్పేసి పనికి రైలెక్కడం మొదలుపెట్టింది. శాంపిళ్ళు ఆలస్యమవుతున్నాయి. సోమవారం నుంచి బండిమీద రాకపోతే వేరే మనిషిని చూసుకుంటామని ల్యాబువాళ్ళు చెప్పేశారు.

సర్వీసు సెంటర్‌లో అడిగాను. "కొండెక్కి దిగింది కదా సార్. లోపలి కంప్యూటరు ఐడ్లింగ్‌ని, అంటే బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను ఆగకుండా నడిచే తీరుని, మళ్ళీ నేర్చుకుంటుంది. యాక్సిలరేటర్ ముట్టకుండా ఇంజన్ని కాసేపు అలా నడవనివ్వండి, అంతే" అన్నారు.

జెబ ఒప్పుకోలేదు. "దానికదే సర్దుకుంటాదా? కొండమీద సర్దుకుందా అన్నా? మనిషి చెయ్యి పడకుండా నేనెక్కను."

మామ గోనెసంచి పరుచుకుని ఇంజను పక్కన పడుకున్నాడు.

"స్టార్ట్ చెయ్యి అమ్మీ. యాక్సిలరేటర్ ముట్టుకున్నావంటే నా చెయ్యి తప్పిపోతాది, చెప్తా ఉండా!"

ఇంజను గొణిగింది. అరిచింది. మళ్ళీ గొణిగింది. "అర తిప్పు" అన్నాడు మామ. "ఇంకో అర." జెబ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఊపిరి బిగబట్టింది. మెల్లగా ఇంజను ఒకే శ్రుతిలో పడింది. జెబ వీధి చివరిదాకా పోయి, ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా ఆపి చూసి వచ్చింది.

రోజూ పొద్దున ఇదే తంతు. లేని స్క్రూ ఎలా తిరుగుతోంది? శనివారం నేనూ ఆయన పక్కన నేలమీద పడుకుని చూశాను.

స్క్రూడ్రైవర్ కొన గాలిలో తిరుగుతోంది. దేనికీ తగలడం లేదు.

"స్క్రూ లేదు పా" అన్నాడు గుసగుసగా. "సర్వీసువాడు నాకూ చెప్పినాడు."

"మరి ఏం తిప్పతా ఉండావు?"

స్క్రూడ్రైవర్‌తోనే పైకి చూపించాడు. ఇంజను నడుస్తున్న బండిమీద కూర్చుని జెబ ఏదో పాట కూనిరాగం తీస్తూ, జడ బిగించుకుంటోంది.

"ఏంది కింద గుసగుసలు?"

"మీ అన్నకి స్క్రూ చూపిస్తా ఉండా అమ్మీ."

"ఉందా అన్నా?"

"ఉంది" అన్నాను. "బాగా లోపల."

సోమవారం సాయంత్రం పని ముగించుకుని వస్తున్న జెబ బండి మామ గుమ్మం ముందు ఆగింది. ఇంజను ఆపకుండానే హెల్మెట్ తీసింది.

"మామా, వచ్చే నెల మళ్ళీ ఏర్కాడు పోతా ఉండా. నువ్వు ఎనక కూర్చుంటావు. స్క్రూడ్రైవర్ ఇంట్లో పెట్టి రా."