పక్కవాద్యం పగ

నాకు కోపం తొందరగా రాదని మా వీధిలో పేరు. నిజమే, తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం మొండి అద్దెదారులా ఎంత చెప్పినా ఖాళీ చెయ్యదు. ఒక గాయకుడి మీద వచ్చిన కోపం అలాగే ఏళ్ల తరబడి నాలో కాపురం ఉంది.

నేను వయొలిన్ వాయిస్తాను. విజయవాడలో కచేరీలకు పక్కవాద్యం, మిగతా రోజుల్లో ఇంట్లో పిల్లలకు పాఠాలు. నాకు నేర్పింది మా అమ్మే. కచేరీలో గాయకుడు రాగం పాడి ఆగుతాడు. అప్పుడు వయొలిన్ అదే రాగాన్ని తన ధోరణిలో వాయించి జవాబు చెబుతుంది. ఆ కాసేపే మాది. మిగతాదంతా గాయకుడి వెనక నడవడమే.

నా మొదటి పెద్ద కచేరీ ఆ గాయకుడి పక్కనే. అమ్మ ముందు వరుసలో కూర్చుంది. ఆయన కల్యాణి రాగం పాడి ఆగారు. నేను కమాను తీగల మీద పెట్టాను. ఆయన మైకులో నవ్వుతూ, "ఆ పక్కనుంచి జవాబు రావడం కష్టంలెండి, మనం కీర్తనలోకి వెళ్లిపోదాం" అన్నారు. హాలంతా నవ్వింది. నవ్వనిది అమ్మా, నేనూ.

ఆ తర్వాత ఏ కచేరీకి రమ్మన్నా అమ్మకు మోకాళ్ల నొప్పులే. రైతుబజారుకు నడిచి వెళ్లి సంచీ నిండా కూరలు మోసుకొచ్చే మనిషి కచేరీ అనేసరికి మోకాళ్లు పట్టుకుని కూర్చునేది. నాకు కచేరీలు పెరిగాయి, కాస్త పేరూ వచ్చింది. ముందు వరుసలో అమ్మ మాత్రం లేదు. అందుకు ఆయన్ని క్షమించలేదు. క్షమించాలని ప్రయత్నించనూ లేదు.

పోయిన వేసవిలో సభ కార్యదర్శిగారు ఫోన్ చేశారు.

"ఆయన వస్తున్నారమ్మా. వయొలిన్ మీరే. గవర్నర్‌పేటలో హోటల్లో రూమ్ తీసుకున్నాం. పొద్దున్నే దిగిపోతారు, ఊరు చూస్తానంటున్నారు. మీరు కాస్త తిప్పి సాయంత్రానికి హాలుకు తీసుకొచ్చేయండి."

సరేనండీ అన్నాను. దేవుడున్నాడనిపించింది.

కచేరీ రోజున గాయకుడి గొంతు కాపాడటం పక్కవాద్యం వాళ్ల బాధ్యత. ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు గానీ అందరికీ తెలుసు. చల్లనివి తాగనివ్వకూడదు, నూనెవి తిననివ్వకూడదు, ఎండలో తిప్పకూడదు, ఎక్కువ మాట్లాడించకూడదు. సరళీ స్వరాలతో పాటే అమ్మ ఇవి కూడా నేర్పింది. ఆ పొద్దున వాటన్నిటినీ ఒకసారి మననం చేసుకుని, ఒక్కటీ పాటించకూడదని నిశ్చయించుకుని బయల్దేరాను.

హోటల్ మెట్ల దగ్గర ఆయన నన్ను ఎగాదిగా చూశారు.

"ఇంతకుముందు నాకు వాయించావా అమ్మా?"

"ఒకసారండీ."

"గుర్తు లేదమ్మా. ఎన్నని గుర్తుంటాయి?" అని నవ్వారు. ఆ నవ్వు ఏమీ మారలేదు.

హోటల్లో పెట్టే ఇడ్లీ వద్దన్నారు. ఈ ఊరి పెసరట్టు తినాలన్నారు. పక్క వీధిలోకి తీసుకెళ్లాను.

"అల్లం పచ్చడి మరీ ఘాటా?"

"ఘాటుగా ఉంటేనే అల్లం పచ్చడండీ."

ముక్కు తుడుచుకుంటూ రెండోసారి వేయించుకున్నారు. ఆ మనిషికి తిండి యావ ఉందని నాకు అక్కడే అర్థమైంది. నేనేదీ బలవంతంగా తినిపించలేదు, వద్దనలేదంతే. ఈ తేడా నాకు చాలా ముఖ్యం.

అక్కడినుంచి ఆటోలో బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలకు వెళ్లాం. ఎండ మాడ్చేస్తోంది. నేను గొడుగు తెచ్చుకున్నాను, ఒకటే. లోపల ఒకే రాతిలో చెక్కిన పడుకున్న స్వామి ముందు ఆయన చిన్నగా కూనిరాగం తీశారు. గోడలు తిరిగి పలికాయి. చూడ్డానికొచ్చిన వాళ్లు ఫోన్లు పైకెత్తారు.

"ఇంకాస్త పైకి వెళ్లండి గురువుగారూ, పైస్థాయిలో బాగా మోగుతుంది" అన్నాను.

గుహలో దుమ్ము, గబ్బిలాల కంపు. ఆయన అవేం పట్టించుకోకుండా గొంతు విప్పి పాడారు. అద్భుతంగా పాడారు, అబద్ధం చెప్పను. అలాంటి మనిషికి అంత గొంతు ఇచ్చినందుకు ఆ పడుకున్న స్వామి మీద కూడా కోపమొచ్చింది. జనం చప్పట్లు కొట్టి మళ్లీ పాడమన్నారు. నేనూ అడిగాను, అందరికంటే గట్టిగా.

తిరిగొచ్చేటప్పుడు బండి దగ్గర చెరుకురసం. ఐసు వేయించనా అండీ అని అడిగితే, ఈ ఎండలో ఐసు లేకుండా ఎలాగమ్మా అన్నారు. మధ్యాహ్నం భోజనంలో ఆవకాయ, గోంగూర. కునుకు తీశాక బీసెంట్ రోడ్డులో మనవరాలికి గౌను కొని, నిలబడి మిరపకాయ బజ్జీలు తిన్నారు. అప్పుడు మొదటిసారి గొంతు సవరించుకున్నారు.

"కాస్త పట్టేసినట్టుందేమ్మా."

"ఎండ దెబ్బండీ. చల్లగా లస్సీ తాగితే సర్దుకుంటుంది."

ఆ ఒక్క అబద్ధం నాదే. ఒప్పుకుంటాను.

సాయంత్రం హాలు నిండింది. మొదటి కీర్తనలు అనుభవంతో నెట్టుకొచ్చారు. తర్వాత తోడి రాగం ఎత్తుకున్నారు. మెల్లగా పైకి వెళ్తూ తారస్థాయి షడ్జం మీద నిలవబోయారు. గొంతులోంచి గాలి తప్ప స్వరం రాలేదు.

అలాంటప్పుడు వయొలిన్ చెయ్యవలసింది ఒక్కటే. రెప్పపాటులో ఆ స్వరం తాను అందుకోవాలి. అందుకుంటే గొంతు జారిన సంగతి సభలో ఎవరికీ తెలియదు. మా వేళ్లకు అది అలవాటు, ఆలోచన కూడా అక్కర్లేదు. ఆలోచించి, కమాను తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

హాల్లో తంబుర ఒక్కటే మోగుతోంది. ఆయన నావైపు చూశారు. మృదంగం వాయించే అతను కళ్లతోనే, ఏమిటమ్మా ఈ పని అన్నాడు. నేను ఎదురుగా ఉన్న మైకు వైపు చూస్తూ కూర్చున్నాను. గాయకుడు మళ్లీ ప్రయత్నించారు, ఈసారి జీర వచ్చింది. వెనక వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. చివరికి చెయ్యి చాపి, నువ్వు వాయించు అన్నట్టు సైగ చేశారు. అప్పుడు వాయించాను. తొందరపడకుండా, ఆయన నిలవలేని చోటల్లా నిలబడి మరీ వాయించాను. చప్పట్లు చాలాసేపు మోగాయి. మిగతా కచేరీ ఆయన కింది స్థాయిలోనే లాగించి, ఈ ఊరి నీళ్లు పడలేదని కార్యదర్శిగారితో చెప్పి వెళ్లిపోయారు.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పొద్దున్నే అమ్మకు చెబుదామని వంటింట్లోకి వెళ్లాను. నాకంటే ముందే ఎవరో ఫోన్ చేసి చెప్పేశారు.

"ఆయన గొంతు పోయిందటగా" అంది, కాఫీ కలుపుతూ.

"పోయిందమ్మా."

"నువ్వు అందుకోలేదట."

"ఆ రోజు అందరిలో ఆయన మనల్ని..."

"వాయించనివ్వకపోవడం వాడి కుసంస్కారం. గాయకుడు పడిపోతుంటే కమాను ఒళ్లో పెట్టుకుని చూడటం నీకెవరు నేర్పారు? నేనైతే నేర్పలేదు."

"నీ కోసమే చేశానమ్మా."

"నా కోసమైతే వాయించేదానివి" అని కాఫీ నా ముందు పెట్టి వెళ్లిపోయింది.

చాలా రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. ఆ తర్వాత కంకిపాడులో ఒక కచేరీ వచ్చింది. పాడేది చిన్నపిల్ల, అప్పుడప్పుడే పైకొస్తోంది. వయొలిన్ పెట్టె తీసుకుని గేటు బయటికి వచ్చేసరికి అమ్మ అప్పటికే ఆటోలో కూర్చుని ఉంది.

"మోకాళ్ల నొప్పులన్నావుగా" అన్నాను.

"నొప్పులకేం, ఉంటాయి. నిన్ను నమ్మి ఆ పిల్లను వదలమంటావా?"

ముందు వరుసలో కూర్చుని కచేరీ అయ్యేదాకా నా కుడిచేతి మీదనుంచి చూపు తిప్పలేదు. అప్పటినుంచి ప్రతి కచేరీకీ వస్తోంది. ఒక్కసారీ తల ఊపలేదు, బాగుందనలేదు. పోలీసులా కూర్చుని నన్ను కాపలా కాస్తుంది. అయితే ఏం? అన్నేళ్లుగా నాకు కావలసింది ఆమె అక్కడ కూర్చోవడమే. అందుకు ఆయన గొంతు పోయింది, అమ్మకు నా మీద నమ్మకమూ పోయింది. ధర ఎక్కువైందని మాత్రం నాకు ఇప్పటికీ అనిపించదు.