పెద్దమ్మ నడక

బొమ్మలకు కదలిక నేర్పే చదువులో ఆ పిల్లకు అది ఆఖరి ఏడు. పట్టా చేతికి రావాలంటే సొంతంగా ఒక చిన్న సినిమా గీసి చూపాలి. తనను పెంచిన పెద్దమ్మనే గీస్తానని కూర్చుంది. పెద్దమ్మ ఆసుపత్రిలో దుప్పట్ల బండి తోస్తుంది. బండి పట్టుకుంటే నిటారుగా నడుస్తుంది, వదిలితే కుంటుతుంది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

ఎన్ని కాగితాలు నలిపినా నడక కుదరలేదు. మాస్టారు పెదవి విరిచారు.

"బొమ్మ జరుగుతోందమ్మా, నడవట్లేదు. ఒంట్లో బరువేదీ? ఇలాగే తెస్తే ఈ ఏడు గట్టెక్కవు."

దాంతో ప్రయోగాలు మొదలయ్యాయి. గదంతా పౌడరు చల్లి పెద్దమ్మను నడవమంది.

"ఏమే, దొంగను పట్టే పోలీసువటే? ఇదంతా తుడిచేదెవరు, మీ మాస్టారా?" అంటూనే నడిచిందావిడ. రెండు పాదాలూ అచ్చు గుద్దినట్టు సమంగా పడ్డాయి. పంటి బిగువున నడిచిందని పౌడరు చెప్పదు కదా! ఫోను ఎత్తి పట్టుకుంటే మరీ అన్యాయం. కొంగు సర్దుకుని, మెడ నిలబెట్టి, సన్మానానికి వెళుతున్నట్టు నడిచింది.

ఎన్ని దేశాలు తిరిగినవాడైనా తన నడకను తాను చూసుకోలేడు. వెనక వచ్చేవాడికే అది కనిపిస్తుంది. ఆ వెనక వచ్చేవాడికి కాస్త మర్యాద ఉండాలి మరి.

ఒకనాటి ఉదయం ఆ పిల్ల వంటింటి డబ్బాల మధ్య ఫోను దాచింది. గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ, మధ్యలో ఆగి మొహం చిట్లించుకున్న పెద్దమ్మ దొరికింది. దాన్నే చూసి గీసింది. "ఇదీ నడకంటే!" అన్నారు మాస్టారు.

ప్రదర్శనకు పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తెరమీద బొమ్మ తూలి గోడను పట్టుకోగానే హాలంతా ముచ్చటగా నవ్వింది. పెద్దమ్మా నవ్వబోయి ఆగిపోయింది.

చప్పట్ల మధ్యే అడిగింది. "ఎప్పుడు తీశావే?"

"నీకు తెలిస్తే మామూలుగా నడవవు కదా పెద్దమ్మా..."

"అడిగుంటే ఇంకా బాగా నడిచేదాన్ని కదే."

తరగతిలో ఆ సినిమాకే మొదటి స్థానం వచ్చింది.

ఇంటికొచ్చాక పెద్దమ్మ మంచం దిగలేదు. "కాస్త అటు తిరుగు. మంచినీళ్లు తెచ్చుకోవాలి."

"నేను తెస్తాగా."

"అక్కర్లేదు. అటు తిరగమన్నానా?"

ఆ పిల్ల గోడకేసి తిరిగి నిలబడింది. వెనక ఎంతసేపటికీ అడుగుల చప్పుడు లేదు.