పది తూముల కొలను

చైనాలో చూసిన స్మారకాలయం గురించి ఇప్పటికి చాలామందికి చెప్పాను. స్తంభాలను చుట్టుకున్న కొయ్య డ్రాగన్ల గురించి విని ఆశ్చర్యపోయారు. కొలను సంగతి విని నవ్వారు. ఆ కొలను గట్టున నాకు కలిగిన దిగ్భ్రాంతి మాత్రం నేటికీ తగ్గలేదు. అందుకే వరుస తప్పకుండా రాసి పెడుతున్నాను.

మా మనవరాలు తైయువాన్ నగరంలో వైద్యం చదివింది. పట్టా ఇచ్చే రోజుకు నన్ను పిలిపించుకుని, మరునాడు నగరం శివార్లలోని జిన్‌సీకి తీసుకెళ్ళింది. ‘సీ’ అంటే మనిషి జ్ఞాపకార్థం కట్టిన గుడి అట. నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణి కనుక చూసింది చూసినట్టు రాసుకునే అలవాటు నాకుంది.

సుమారు మూడు వేల ఏళ్ళ కిందట ఒక బాలరాజు ఆటలో ఆకును రాజచిహ్నంలా కత్తిరించి, తమ్ముడి చేతిలో పెట్టి, నీకు రాజ్యమిచ్చాను అన్నాడట. రాజు నోట పరిహాసం ఉండకూడదని మంత్రి పట్టుబట్టడంతో ఆ తమ్ముడికి నిజంగానే రాజ్యం దక్కింది. గుడి అతని పేరున వెలసింది. ఆ మంత్రిని నేను మనసులోనే మెచ్చుకున్నాను.

తీరా లోపలికి వెళితే, ఎవరి పేరున గుడి వెలసిందో ఆయన ఒక పక్కన ఉన్నాడు. ప్రధాన మందిరం ఆయన తల్లిది. వానకూ ఊటనీటికీ జనం ఆమెకే మొక్కుకోవడంతో తల్లి మందిరమే పెద్దదైంది. వెయ్యేళ్ళ నాటి ఆ కొయ్య కట్టడానికి రెండంచెల కప్పు, చుట్టూ వసారా ఉన్నాయి. స్తంభాలు రవ్వంత లోపలికి వాలి, మూలలకు పోయేకొద్దీ ఎత్తు పెరుగుతాయి. అందువల్ల చూరు రెండు కొసలా లేచి నిలబడినట్టుంటుంది. లోపల అడ్డంగా ఒక్క స్తంభమైనా లేదు. బరువంతా దూలాలు మోసుకుపోయి అంచులకు అప్పగిస్తాయి. తల్లి చుట్టూ మట్టితో చేసిన పరిచారికలు నిలబడి ఉన్నారు. శ్రీకూర్మం మంటపంలో ఒక స్తంభం పోలిక ఇంకొకదానికి లేనట్టే, వీరిలోనూ ఒకరి ముఖం పోలిక ఇంకొకరికి లేదు. ఒకామె అప్పుడే కన్నీళ్ళు తుడుచుకుని నవ్వు తెచ్చుకున్నట్టుంది. అక్కడే ఉండిపోయినా బాగుండేది.

పక్కన ఊట ఉంది. ఆ నీరు చేరే కొలనులో రాతికట్టకు పది గుండ్రటి తూములు, వాటిని రెండుగా విడదీస్తూ ఒక గోడ. ఉత్తరపు వైపు ఏడు, దక్షిణపు వైపు మూడు. నీటి మధ్య చిన్న స్తూపం. నీటి కోసం రెండు వైపుల ఊళ్ళూ కొట్టుకు చస్తుంటే, అధికారి ఒకడు మరిగే నూనెలో పది రాగి నాణేలు వేసి, ఎవరు ఎన్ని తీస్తే వారికి అన్ని వంతులన్నాడట. ఉత్తరపు వాడొకడు చేయి పెట్టి ఏడు తీసి, ప్రాణం విడిచాడు. అతని ఎముకలు ఆ స్తూపం కింద ఉన్నాయంటారు.

“ఎటువైపు ఎంత పొలముందమ్మా?” అని అడిగాను.

“అది కథ తాతయ్యా. కథలో ఎకరాలుంటాయేటి?”

“కథైతే తూములు రాతిలో ఎందుకున్నాయి?”

మనవరాలు తటపటాయించి, “ఇంకోటి సెప్తే నీకు కోపమొస్తాది. ఊట ఎప్పుడో ఎండిపోనాదట. బొగ్గు గనులూ బోర్లూ తాగేశాయి. మనం చూస్తన్నవి మోటారు నీళ్ళు,” అంది.

ఎన్నటికీ వయసు మళ్ళనిదని ఆ ఊటకు పేరు. నేను గట్టు మీద కూర్చుని ఆ పది తూములూ మళ్ళీ లెక్కపెట్టాను. పొలం అడగకుండా చేసిన పంపకం. పంచవలసిన నీరు పోయాక కూడా చెక్కుచెదరకుండా నిలిచి ఉన్న పంపకం. ఇంత అన్యాయాన్ని స్తూపం కట్టి పూజిస్తారా అని దారి పొడవునా మండిపడ్డాను.

మా ఊరు ఆమదాలవలస దగ్గర. గెడ్డ అని మేం పిలిచే వాగు నుంచి వచ్చే కాలువ ఒక రాతి దగ్గర చీలుతుంది. పెద్ద తూము మాది, చిన్నది దిగువన మా చెల్లెలి అత్తవారి ఊరిది. ఉద్యోగ విరమణ నాటి నుంచి నీటి వంతులు రాసేదీ, తగవులు తీర్చేదీ నేనే. ఈ యేడు వాన వెనకబట్టింది. దిగువూరి ఆకుమళ్ళు ఎర్రబడుతున్నాయి. నారు పోతే వాళ్ళకు ఈ యేటికి వరి లేదు. తూము పెంచమని చెల్లెలి భర్త అడుగుతూనే ఉన్నాడు. పెద్దలు పెట్టిన కొలత మార్చే అధికారం నాకు లేదని నేను చెబుతూనే ఉన్నాను.

నేను తిరిగొచ్చానని దంపతులిద్దరూ వచ్చారు. ఫోటోలన్నీ చూసి, కథంతా విని అతను అన్నాడు:

“ఆడు నూనెలో సెయ్యెట్టాడు, ఏడు పట్టుకుపోనాడు. బాగున్నాది. మరి మీ వూరోలు ఏటెట్టారు బావా?”

“ఎందులో?”

“నూనెలో. పెద్ద తూము ఊరికినే రాదు గదా. ఎవుడి సెయ్యి కాలినాది?”

“అన్నయ్య అలిసిపోయొచ్చినాడు. ఆ ఏలాకోలం ఆపి టీ తాగు,” అంది చెల్లెలు లోపలి నుంచి.

“నానేటన్నానే? సెయ్యి సూపించమన్నాను.”

అక్కడివాళ్ళకు చూపడానికి ఒక కాలిన చేయైనా ఉంది. మా రాతికి ఆ పాటి కథ కూడా లేదు. పైగా మా ఎగువ పొలాల్లో సగం ఏనాడో జీడితోటలూ ఇళ్ళ ప్లాట్లూ అయ్యాయి. ఏటేటా ఆ సంగతి రాసింది నేనే.

మరునాడు రామమందిరం దగ్గర అందరినీ కూర్చోబెట్టి, నాట్లయ్యే వరకు మన తూము సగం మూద్దామన్నాను.

“పెద్దాయన సైనా ఎల్లి మన నీలు దానం సెయ్యడం నేర్సుకొచ్చినారర్రా,” అన్నారొకరు.

“అయితే నూనె కాసీమంటారా?” అన్నారు మరొకరు.

“కాయండి. ఈలోగా ఎవరికి ఎంత వరి పొలం మిగిలిందో చదువుతాను,” అన్నాను.

చదవడం పూర్తయ్యేసరికి నవ్వులు ఆగాయి. ఇదొక్క యేడే అని కొందరు లేచిపోయారు. తక్కినవాళ్ళు సరేననీ అనలేదు, వద్దనీ అనలేదు.

చెల్లెలి భర్తా నేనూ కలిసి పెద్ద తూముకు సగానికి పలక దించాం. నీరు ఎగదన్ని గట్టు మీదుగా పొర్లి పక్క డొంకలో పడింది గాని, చిన్న తూములోకి వెళ్ళలేదు. ఆ తూము అంతకు మించి తీసుకోలేదు. నీటి కొలతల మీదే జీవితం గడిపిన నేను ఇన్నేళ్ళూ దాన్ని చూస్తూ కూడా ఆ సంగతి పట్టించుకోలేదు.

“ఉలీ సుత్తీ తెప్పించు,” అన్నాను.

అతని ముఖంలో వేళాకోళం పోయింది. “రాయి ముట్టుకుంటే మీ వూరోలు నిన్ను బతకనివ్వరు బావా.”

“తెలుసు. తెప్పించు.”

మొదటి దెబ్బ నేనే వేశాను. తరువాత పనివాళ్ళు చిన్న తూమును వెడల్పుగా చెక్కారు. దిగువూరి నారు సగానికి పైగా దక్కింది. నీటి లెక్కల పుస్తకాలు మా ఊరివాళ్ళు నా దగ్గర నుంచి తీసేసుకున్నారు. అప్పగించే ముందు కొత్త తూము కొలత రాసి, ఎందుకు మార్చవలసి వచ్చిందో ఎకరాలతో సహా దాని కిందే రాశాను.