తాలు ఏరేశాక చూసిన రాశి

బేరమాడటంలో మా బజారులో నన్ను మించినవాళ్లు లేరు. వేసవంతా పట్టే సర్వేను పదిహేను రోజుల్లోకి దింపించాను. ఆటో ఖర్చులు మిగిల్చాను. పైగా అవతలివాళ్ల చేతే రోజూ టీ ఇప్పించుకున్నాను. కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని, ఆమాత్రం చేయకపోతే మా ఇంటి పరువేం కాను?

గుంటూరులో ఒక వైద్య కళాశాల ప్రజారోగ్య విభాగంలో పనిచేస్తాను. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లలో ఎంతమందికి దగ్గు, ఆయాసం ఉన్నాయో చూడాలని మా మేడమ్ ఒక వర్ణనాత్మక అధ్యయనం తలపెట్టారు. పేరు బరువుగా ఉంటుంది గానీ, ఏడాదికోసారి మా నాన్న కొట్లో సరుకు లెక్క చూసుకోవడం లాంటి పనే. జబ్బు ఎవరికి ఉంది, ఎక్కడ ఉంది, ఏ కాలంలో ఎక్కువవుతోంది, అంతవరకే చెబుతుంది. ఎందుకొచ్చిందో తేల్చదు. కానీ ముందు ఈ లెక్క లేకపోతే ఆ ‘ఎందుకు’ను ఎక్కడ వెతకాలో కూడా ఎవరికీ తెలియదు.

దీనికోసం మాకంటే ఎక్కువ ఎదురుచూసిన మనిషి మా కొట్టు వెనక సందులోనే ఉంది. అక్కా అని పిలుస్తాను. ఆమె ఏళ్ల తరబడి ఒకే షెడ్డులో తొడిమలు తీసింది. గాలాడితే కాయ ఆరి తూకం తగ్గుతుందని అక్కడ షట్టర్లు దించేస్తారు. ఘాటంతా లోపలే తిరుగుతుంది. గాలిని బయటికి లాగే ఫ్యాన్లు పెట్టించమని ఆమే ముందు నిలబడి అడిగింది. షెడ్డు షావుకారు కాదనలేదు, డాక్టర్లు వచ్చి చూసి చెబితే పెట్టిస్తానన్నాడు. మేం మొదలుపెట్టేలోపే దగ్గు ముదిరి ఆమె పని మానేసింది. ఆమెకు తెలిసిన పని అదొక్కటే. ఫ్యాన్లు వస్తే మళ్లీ వెళ్లి కూర్చుంటానని కొట్టుకొచ్చినప్పుడల్లా అనేది.

మేడమ్ వేసిన పథకం ప్రకారం ఇల్లిల్లూ తిరగాలి. నేను అడ్డుపడ్డాను. పగలు ఇళ్లకు తాళాలుంటాయి, సాయంత్రం వాళ్లు వంట పనిలో ఉంటారు, షెడ్లకే వెళితే అందరూ వరసగా కూర్చుని దొరుకుతారు కదా అన్నాను. మరి షెడ్డుకు రానివాళ్ల సంగతేమిటని మేడమ్ అడిగారు. ఉన్నవాళ్లను అడగడానికే డబ్బు చాలడం లేదు, లేనివాళ్లను ఎక్కడ వెతకమంటారు అన్నాను. ఆవిడ నవ్వి సరేనన్నారు. బేరం కుదిరిందని నేను పొంగిపోయాను.

షావుకారు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. రాశుల ముందు కూర్చున్న ఆడవాళ్లను ఒక్కొక్కరినే అడుగుతూ పోయాను. దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లు అనుకున్నదానికంటే చాలా తక్కువగా తేలారు. అదే రాశాం, వైద్య పత్రికలో అచ్చయింది. షావుకారు ఆ పేజీని పెద్దది చేయించి షెడ్డు గోడకు అంటించాడు. ఫ్యాన్ల మాట ఎత్తినవాళ్లకు వేలుపెట్టి చూపించడం మొదలుపెట్టాడు.

ఆ వారమే అక్క, దగ్గుకు బుగ్గన పెట్టుకునే కరక్కాయల కోసం మా కొట్టుకొచ్చింది. గల్లా దగ్గర నేనే ఉన్నాను. దగ్గు తెర ఆగేదాకా బల్ల పట్టుకుని నిలబడింది.

“ఏమ్మా డాక్టరమ్మా, అందరం బాగున్నామని రాశావంట?”

“షెడ్డులో ఉన్నవాళ్లను అడిగి రాశానక్కా.”

“బాగున్నోళ్లే కదే షెడ్డులో ఉండేది. బాగోలేనిదాన్ని ఇక్కడున్నాను, మీ కొట్టు వెనకే. నన్ను అడగలేదేం?”

కరక్కాయలు పొట్లం కట్టి ఆమె చేతికిచ్చాను.

సిగ్గేసింది నా చదువును తలుచుకుని కాదు, నా పెంపకాన్ని తలుచుకుని. చిన్నప్పుడు మా కొట్లో నా పనే తాలు ఏరడం. రంగు పోయి తెల్లబారిన కాయల్ని తాలు అంటాం, వాటిని తీసి పక్కన పోస్తేనే రాశి ఎర్రగా కళ్లకు ఆనుతుంది. మిర్చి యార్డులో ఎవరైనా ఏరిన రాశిని చూపించి మా పంటలో తాలే లేదంటే మా నాన్న అక్కడి నుంచి లేచి వచ్చేస్తాడు. అలాంటి మనిషి కూతుర్ని, షెడ్డులో మిగిలినవాళ్లను లెక్కపెట్టి ఇక్కడ దగ్గే లేదని రాసిచ్చాను.

మేడమ్‌కు చెప్పి, సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగాను. దగ్గుతో పని మానేసినవాళ్లు సందుసందునా కనపడ్డారు. బయట టార్పాలిన్ పట్టాల కింద తొడిమలు తీసినవాళ్లకంటే మూసిన షెడ్లలో కూర్చున్నవాళ్లే ఎక్కువగా మానేశారు. ఆ కాగితాలతో షావుకారు దగ్గరికి వెళ్లాను. ఆయన మా నాన్నకు పాత స్నేహితుడు, నాకు బాబాయ్ వరస. నిదానంగా చదివాడు.

“ఈ దగ్గు నా మిరపకాయల వల్లేనని సంతకం పెడతావామ్మా?”

పెట్టలేను. పొయ్యి పొగ ఉండొచ్చు, పాత క్షయ ఉండొచ్చు, సర్వేలో కారణం తేలదు. ఆ మాటే చెప్పాను.

“మరి నేను ఫ్యాన్లెందుకు పెట్టాలి?”

“మొదటి కాగితం గోడకు అంటించేటప్పుడు నన్ను సంతకం అడగలేదుగా బాబాయ్.”

ఆయన నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. రెండూ ఒకే రకం లెక్కలు. దేనికీ కారణం తేల్చే శక్తి లేదు. బాగున్నారన్న లెక్క గోడెక్కింది, బాగోలేరన్న లెక్కకు మాత్రం సాక్ష్యం కావాలి. నాలుగు ఫ్యాన్ల దగ్గర మొదలుపెట్టి రెండుకు దిగాను, ఒకటికి దిగాను. చివరికి వెనక షట్టరు తెరిచి ఉంచడానికి ఒప్పుకున్నాడు. దానికి ఆయనకు పైసా ఖర్చు లేదు.

ఇక అసలు లెక్క. ఫ్యాన్లు రాలేదు. షట్టరు తెరుస్తున్నారు, తూకం రోజున మాత్రం దించేస్తున్నారు. మా సవరణ చిన్న అక్షరాల్లో అచ్చయింది, గోడ మీద మాత్రం పాత పేజీయే ఉంది. షెడ్లలో గాలిని కొలిచి, పని మానేసినవాళ్లతో సహా అందరినీ పోల్చి చూసే పెద్ద పరిశోధనకు మేడమ్ డబ్బు అడిగారు. ఇంకా జవాబు రాలేదు. ఆ మొదటి కాగితం నా పదోన్నతి దరఖాస్తులో పనికొచ్చింది, నేను తీసేయలేదు. అక్క ఒక రోజు వెళ్లి షట్టరు పక్కన కూర్చుని చూసింది, మధ్యాహ్నానికే తిరిగొచ్చేసింది. మళ్లీ వెళ్లలేదు. కరక్కాయలకు ఇప్పటికీ మా కొట్టుకే వస్తుంది, వాటి మీద లాభం మేం ఇప్పటికీ తీసుకుంటున్నాం.