పురుడు పోయడానికొచ్చిన తాతయ్య, వదిలేసిన బంగారుతీగ

నా చిన్నప్పుడు మా అమ్మ కడుపుతో ఉండి అన్నం మానేసిన వసంతం ఒకటుంది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. అప్పటికి మేము ఈ దేశానికి, నేపర్‌విల్ ఊరికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. నాన్న పొద్దున్నే రైలెక్కి సిటీలో ఆఫీసుకి వెళ్ళిపోయేవాడు. అమ్మకి ఆరో నెల. ఆపాటికి ఆగిపోవాల్సిన వేవిళ్ళు ఆగలేదు. కంచం ముందు కూర్చునేది, ముద్ద కలిపేది, కలిపిన ముద్దకేసి చూస్తూ ఉండిపోయేది, చివరికి లేచి చెయ్యి కడుక్కునేది. సోమవారం చెకప్‌లో ఇంకా బరువు తగ్గినట్టు తేలితే హాస్పిటల్లో అడ్మిట్ చేయాల్సిందేనని, లోపల బిడ్డ ఎదగడం లేదని డాక్టర్ అన్నట్టు నాన్న తాతయ్యతో చెబుతుంటే తలుపు పక్కన నిలబడి విన్నాను. నాకు ఎనిమిదేళ్ళు. బిడ్డ ఎదగకపోతే ఏమవుతుందో అడగడానికి నోరు రాలేదు.

తాతయ్య అంటే అమ్మ వాళ్ళ నాన్న. అమ్మమ్మ అప్పటికే పోయింది కాబట్టి, కూతురికి పురుడు పోయడానికి గోదావరి పక్క నుంచి ఆయనే విమానమెక్కి వచ్చాడు. వంట ఆయనదే, అమ్మ కాళ్ళకి నూనె రాసేదీ ఆయనే. ఎవరైనా వింతగా చూస్తే, "పుట్టింటివాళ్ళు రావాలన్నారు గానీ, చీర కట్టుకునే రావాలన్నారా?" అనేవాడు.

అమ్మ నోటికి రుచించేది ఒక్కటే ఉందట. తలకాయ ముక్క వేసి కాచిన బంగారుతీగ చేప పులుసు. నాన్న సూపర్ మార్కెట్ నుంచి ఫ్రీజ్ చేసిన చేప ముక్కలు తెచ్చాడు. తలా లేదు, ముల్లూ లేదు. ఆ వాసనకే అమ్మ సింక్ దగ్గరికి పరుగెత్తింది.

మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక చెరువు ఉండేది. శనివారాలు దాని గట్టున కొందరు ముసలివాళ్ళు మడత కుర్చీలేసుకుని, గాలాలు వేసి కూర్చునేవారు. అది బంగారుతీగలు పట్టేవాళ్ళ క్లబ్బు. ఈ దేశంలో చాలామందికి అది చెత్త చేప. గాలానికి పడితే గట్టు మీద విసిరేసి పోయేవారు. ఈ ముసలివాళ్ళు మాత్రం యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ళు. వాళ్ళ ఊళ్ళలో క్రిస్మస్ భోజనమంటే బంగారుతీగేనట. ఒక శనివారం వాకింగ్‌కి వెళ్ళిన తాతయ్య వాళ్ళని చూసి ఆగిపోయాడు. మరుసటి వారం గోధుమపిండిలో వేరుశనగ పొడి, చిటికెడు ఇంగువ కలిపి, ఎర ముద్ద చేసుకుని వెళ్ళాడు. మాట రాకపోయినా ముద్ద పంచుకున్నారు. అలా క్లబ్బులో చేరిపోయాడు. ఆయన వెంట నేను, మాట చేరవేయడానికి.

ఆ క్లబ్బుకి ఒక పాత ఆచారం ఉండేది. పట్టినవాటిలో ఒక చేపని ఇంటికి తీసుకెళ్ళవచ్చు. అయితే దాన్ని గట్టు మీద కొట్టుకుంటూ చావనివ్వకూడదు. ప్రెసిడెంట్ పెద్దాయన దగ్గర నున్నగా అరిగిన చిన్న చెక్క సుత్తి ఉండేది. దాంతో తల మీద ఒక్క దెబ్బ, అంతే. ఆయన కొడుకుదీ, ఆ వయసువాళ్ళదీ మరో దారి. చేపని తడి గుడ్డ సంచిలో తూచి, ఫోటో తీసి, నీళ్ళలో వదిలేయాలనేవారు. తినడానికి షాపులున్నాయి కదా, ఇంకా ఈ సుత్తి ఎందుకనేవారు. అమ్మ చెకప్‌కి ముందొచ్చిన శనివారం సాయంత్రం దీనిమీదే ఓటింగ్ పెట్టుకున్నారు. పొద్దున్నుంచీ ముసలివాళ్ళు ఒక పక్క, కొడుకులు ఒక పక్క కూర్చున్నారు. కాఫీ ఫ్లాస్కులు కూడా వేరైపోయాయి.

తాతయ్యకి అదేమీ పట్టలేదు. ఆయన కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. సోమవారానికి ముందు మిగిలిన శనివారం అదొక్కటే.

మధ్యాహ్నం దాకా ఎవరికీ ఏమీ పడలేదు. ఉన్నట్టుండి తాతయ్య గాలపు కర్ర విల్లులా వంగింది. రీలు కీచుమని తిరుగుతోంది. దారం చెరువు మధ్యకి పోయింది, అక్కణ్ణుంచి రెల్లుగడ్డి వైపు మళ్ళింది. గడ్డిలోకి పోతే దారం తెగుతుందని నాకే తెలుసు, ఇక ఆయనకి తెలియదా! లాగలేదు, వదల్లేదు. చంటిపిల్ల చేతిలోంచి చాకు తీసుకుంటున్నవాడిలా ఓపిగ్గా పట్టుకుని నిలబడ్డాడు. గట్టంతా లేచి నిలబడింది. నేను నా గౌను అంచు నోట్లో కుక్కుకున్నాను.

చివరికి పెద్దాయన కొడుకే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, వల అడ్డం పెట్టి దాన్ని పైకెత్తాడు. నిలబెడితే నా నడుము దాకా వచ్చేలా ఉంది. పొలుసులు ఇత్తడి కాసుల్లా ఉన్నాయి. దాన్ని తడి చాప మీద పెట్టారు. నోరు తెరుస్తోంది, మూస్తోంది.

అప్పుడు పెద్దాయన వచ్చి సుత్తి పిడి తాతయ్య వైపు చాచాడు. "మీ అమ్మకి బాగాలేదన్నావుగా, మీ తాతయ్యని తీసుకెళ్ళమను. ఇంకా రూల్ మారలేదు" అన్నాడు నాతో. అవతలి పక్క నుంచి ఆయన కొడుకు తడి సంచి చాచాడు. దవడ బిగించి చూస్తున్నాడు. ఒక చేతికి సుత్తి, ఇంకో చేతికి సంచి. అందరూ మా తాతయ్య చేతుల వైపే చూస్తున్నారు. ఈయన సుత్తి అందుకుంటే ఓటు ముసలివాళ్ళది, సంచి అందుకుంటే కొడుకులది అన్నట్టుంది.

"తాతయ్యా, టేక్ చెయ్యి! అమ్మకి!" అన్నాను.

తాతయ్య సుత్తి అందుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండో చెయ్యి నీళ్ళలో ముంచి, చేప పొట్ట కింద పెట్టాడు. పెట్టిన చెయ్యి తీయలేదు. ఉబ్బుగా, బిగువుగా ఉన్న ఆ పొట్టని అమ్మ కాళ్ళకి నూనె రాసినంత మెల్లగా తడిమాడు. సుత్తి పక్కన పెట్టేశాడు.

"నిండా గుడ్లే బుజ్జీ. ఇవాళో రేపో పెట్టేస్తుంది. కడుపుతో ఉన్నదానికి కడుపుతో ఉన్నదాన్ని వండి పెట్టలేనమ్మా."

ఆ మాట ఇంగ్లీషులో చెప్పమన్నాడు. ఏడుస్తూనే చెప్పాను. ఎలా చెప్పానో గుర్తు లేదు. పెద్దాయన సుత్తి తీసి కోటు జేబులో వేసుకున్నాడు. కొడుకు తూచబోయి, తండ్రి ముఖం చూసి సంచి మడిచేశాడు. తాతయ్య చేపని నీళ్ళలోకి దించి, అది తనంతట తాను తోక ఆడించేదాకా పట్టుకుని, వదిలేశాడు. సాయంత్రం దాకా మరో చేప పడలేదు.

తిరుగుదారిలో నాకు కోపం, భయం. సోమవారం అమ్మని తీసుకుపోతారు. "చేప పడలేదని చెబుదాం తాతయ్యా. షీ విల్ క్రై" అన్నాను.

"పడలేదంటే ఏడుస్తుంది, నిజమే. ఏడిస్తే గొంతు మూసుకుపోతుందే. వదిలేశానంటే కోపమొస్తుంది" అన్నాడు తాతయ్య. "మీ అమ్మ చిన్నప్పటి నుంచీ అంతే. కోపమొస్తే తింటుంది."

ఇంటికి రాగానే ఆయన చింతపండు నానేశాడు. చేప పులుసుకి వేసే మసాలా అంతా వేసి, బెండకాయలు వేసి పులుసు కాచాడు. అమ్మ ముందు కంచం పెట్టి, ఎదురుగా కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాడు. అమ్మ ముఖం ఎర్రబడింది.

"పట్టి వదిలేశావా? నాకోసం పట్టి వదిలేశావా నాన్నా! ఇక్కడ నేను చస్తున్నాను, చేప మీద జాలా నీకు?"

"అవునమ్మా."

"నీ సొంత కూతుర్ని నేను!"

"అందుకేగా."

అమ్మ తిడుతూనే ఉంది. తిడుతూ తిడుతూ ముద్ద నోట్లో పెట్టుకుంది. నేను కదలకుండా చూస్తున్నాను. రెండో ముద్ద కూడా లోపలికి వెళ్ళింది. కాసేపటికి గొంతు తగ్గించి, "ఎంతుంది?" అని అడిగింది. తాతయ్య చేతులు చాచి చూపించాడు. "అబద్ధం" అంది అమ్మ. నేను లేచి నా నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. అమ్మ నవ్వలేదు గానీ, ఇంకాస్త పులుసు వేయమని కంచం ముందుకు జరిపింది.

సోమవారం బరువు పెరగలేదు, అలాగని తగ్గలేదు కూడా. డాక్టర్ ఇంకో వారం చూద్దామన్నాడు. తాతయ్య రోజూ బెండకాయ పులుసే కాచాడు, అమ్మ రోజూ ఆ చేప పేరు చెప్పి దెబ్బలాడుతూనే తింది. తమ్ముడు నెలలు నిండాకే పుట్టాడు.

క్లబ్బులో ఆ సాయంత్రం ఓటింగ్ జరగలేదు. గుడ్లు పెట్టే కాలంలో అన్నీ వదిలేయాలని, క్రిస్మస్‌కి ఇంటికొక చేప తెచ్చుకోవచ్చని మాట్లాడుకున్నారు. ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోయాక కొడుకులు ఆ ఒక్కటీ వద్దన్నారు. ఇప్పుడు మనవల కాలం. పెద్దాయన మనవరాలు నడుపుతోంది. సభ్యుల్లో సగం మంది స్కూలు పిల్లలే. చేప కింద పరిచే చాప మెత్తటి పరుపంత అయింది. నేను మా మనవణ్ణి తీసుకెళ్తుంటాను. వాడికి బంగారుతీగని తింటారని చెబితే "ఈవ్, అమ్మమ్మా!" అంటాడు.

తాతయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు ఆయన చేసింది మాత్రం నా చేతికి అలవాటైపోయింది. మొన్న మా అమ్మాయి ఉద్యోగం పోయింది. గది తలుపేసుకుంది, పిలిస్తే పలకదు, అన్నం ముట్టదు. అల్లుడు "ఏం కాదు, ఇంకా మంచిది వస్తుంది" అని తలుపు బయటనుంచి బతిమాలుతున్నాడు. నేను అతన్ని పక్కకి తప్పుకోమని, తలుపు దగ్గర నిలబడి, "ఆ కంపెనీలో చేరొద్దని నేను అప్పుడే చెప్పాను. నువ్వు వినలేదు" అన్నాను.

తలుపు ధడాలున తెరుచుకుంది. "అమ్మా! సీరియస్‌లీ? ఇప్పుడా అది?" అని అరుచుకుంటూ నా వెనకాలే వంటింట్లోకి వచ్చింది. కంచంలో వేడన్నం పెట్టి, అరవడానికి అడ్డం రాకుండా ఆమె ముందుకు జరిపాను.