విమానం కంపెనీతో మా బాపు బేరం

ఆ రోజుల్లో లోకంలో ఏ తగువునైనా నేను తీర్చగలనని నాకు గట్టి నమ్మకం ఉండేది. హైదరాబాదు శాలిబండలో మా బట్టల దుకాణంలో అప్పుడే కొత్తగా కూర్చుంటున్నాను. మీసం కూడా కొత్తదే. (తగువులు తీర్చేవాడికి మీసం ముఖ్యమనుకునేవాణ్ణి.) తగువేమో మా గోడ దగ్గరే ఉంది. మా బాపుకూ, పక్కనే దర్జీ దుకాణం నడిపే ఆయన పాత దోస్తు చాచాకూ మాటల్లేవు. ముంబయిలో చాచా కూతురి నిఖాకు బాపూ నేనూ బయల్దేరితే, పొద్దుటి విమానం సాయంత్రం ఎగిరింది. మేం చేరేసరికి పిల్ల అత్తారింటికి వెళ్లిపోయింది, వంటవాళ్లు డేగిషాలు కడుగుతున్నారు. "గిరాకీ వచ్చుంటది. మీ బాపుకు లేవబుద్ధి కాలే," అన్నాడు చాచా నాతో, బాపు వైపు చూడకుండా. గిరాకీ కూర్చుని ఉందని తన నిశ్చితార్థానికే ఆలస్యంగా పోయిన మనిషి మా బాపు. అందుకే ఆ మాటను అందరూ ఇట్టే నమ్మేశారు.

"జరిగింది చెప్పు బాపూ" అని బతిమాలాను. "సాక్ష్యం చూపెట్టి దోస్తీ చేస్తమారా? నువ్వు గూడ నోరు తెరువకు," అన్నాడు. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా మాటలు మోసే పని నాకు పడింది. "బేటా, అస్తరు గుడ్డ తక్కువొచ్చిందని మీ బాపుకు చెప్పు" అనేవాడు చాచా, ఎదురుగా బాపు నిలబడి ఉండగానే. బాపు సరిగా తినడం మానేశాడు. నాకు భయం పట్టుకుంది. ఈ దోస్తీ ఇంతటితో పోతే ఈ మనిషి ఏమైపోతాడు?

అందుకే వినియోగదారుల కోర్టులో విమానం కంపెనీ మీద నష్టపరిహారానికి కేసు వేశాను. డబ్బు వట్టి సాకు. చాచాను సాక్షిగా కూర్చోబెట్టి, తప్పు తమదేనని కంపెనీ చేతే చెప్పించాలని నా ఎత్తు. (నోరు తెరవొద్దన్నాడు గానీ కేసు వెయ్యొద్దనలేదుగా!) "నిఖా అయినంక వచ్చిండని చెప్పాల్నా? ఖుషీగా చెప్త, పద!" అని చాచా లేచాడు.

కోర్టువాళ్లు రాజీకి పిలిచిన గదిలో బాపు ఈ మూల, చాచా ఆ మూల. మధ్యలో నేను, చెమటలు కక్కుతూ. కంపెనీ తరఫున వచ్చిన అమ్మాయి మెల్లగా చెప్పింది: "విమానం ఆలస్యం మా వల్లే సార్. పొద్దుటి నుంచీ మీరు విమానాశ్రయంలోనే కూర్చున్నారు. క్షమించండి." ఇస్తామన్న మొత్తం కూడా చెప్పింది. చాచా ముఖం పాలిపోయింది. ఏదో అనడానికి నోరు తెరిచాడు.

సరిగ్గా అప్పుడే బాపు లేచి, "గింతేనా? నడువ్‌రా," అన్నాడు.

మా బజార్లో మొదటి ధరకు ఒప్పుకున్నవాడు లేడు. లేచి, చెప్పులు తొడుక్కుని, వెనక్కి చూడకుండా నెమ్మదిగా నడవాలి. మెట్లు దిగేలోపు వాళ్లే పిలుస్తారు. ఖర్మ, ఆ అమ్మాయిది మా బజారు కాదాయె! "పిలుస్తరు, ఎనకకు చూడకు," అన్నాడు బాపు. వసారా దాటాం. ఎవరూ పిలవలేదు. మెట్లు దిగాం. చాచా ఏమనబోయాడో అది ఆ గదిలోనే ఉండిపోయింది, నా కేసు మట్టిగొట్టుకుపోయింది. "బాపూ, ఎవ్వరు పిలుస్తలేరు," అన్నాను ఏడుపుగొంతుతో. "పిలుస్తడు," అన్నాడు. ఈసారి 'పిలుస్తరు' అనలేదు. ఆయన ఎదురుచూస్తున్నది కంపెనీ పిలుపు కోసం కాదని అప్పుడు తెలిసింది నాకు. గేటు దగ్గరికి వచ్చేశాం. ఇంకా నెమ్మదిగా నడుస్తున్నాడు.

"సేఠ్! అరే, ఆగు సేఠ్!"

చాచా రొప్పుతూ వచ్చాడు. "పొద్దుందాక గాడనే కూసున్నవా? నాకు చెప్పొచ్చు గద!"

"నువ్వు అడగొచ్చు గద భాయ్," అన్నాడు బాపు, వెనక్కి తిరక్కుండానే. కళ్లు తుడుచుకుంటున్నాడు మరి.

"గల్తీ అయింది. మాఫ్ జెయ్యి."

మళ్లీ లోపలికి పోయి, ఆ అమ్మాయి మొదట చెప్పినదానికే సంతకం పెట్టాం. బాపు జన్మలో బేరమాడకుండా తీసుకున్నది అదొక్కటే.

ఇప్పుడు గల్లా దగ్గర నేను కూర్చుంటున్నాను. గిరాకీ అలిగి చెప్పుల్లో కాలు పెడితే చాలు, "రా అక్కా, నువ్వన్నంతకే తీస్కో" అనేస్తాను. "గింత జల్ది పిలుస్తే యాపారం నడుస్తదా?" అని ముసలాళ్లిద్దరూ కలిసి తిడతారు. నడవకపోతే మానె. ఎవరైనా వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.